మీ దగ్గర ఎర్ర సిగ్నల్ ఏది?

రైల్వే సిగ్నలింగ్ భద్రతలో చాలా ఏళ్లు పనిచేసిన తరువాత, కొంతకాలంగా నేను రైలు పట్టాలతో ఏ సంబంధమూ లేని పరిశ్రమల వారితో కూర్చుని రిస్క్ అంచనా పనులు చేస్తున్నాను. మందుల పంపులు వాడే ఆసుపత్రులకు, ఫోర్క్‌లిఫ్టులు తిరిగే గోదాములకు, రసాయనాలు కలిపే కర్మాగారాలకు వెళ్లాను. పరిశ్రమ ఏదైనా మొదటి సమావేశంలో వినబడే కోరిక మాత్రం ఒకటే: "రైల్వేలో మీరు వాడే రిస్క్ మ్యాట్రిక్స్ ఒకటి పంపండి, మా అవసరానికి తగ్గట్టు మార్చుకుంటాం." అడ్డంగా నష్టం తీవ్రత, నిలువుగా అది జరిగే తరచుదనం, మధ్యలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లు ఉన్న ఆ పట్టికను చూసినప్పుడు, రైల్వేలు ఇన్నేళ్లుగా సంపాదించిన తెలివంతా అందులోనే ఉందని ఎవరికైనా అనిపించవచ్చు. అడిగిన వారికి నేను దానిని పంపుతాను. పంపుతూ, ఆ పట్టిక మా పద్ధతిలో చిట్టచివరి పుట అనీ, ముందున్న పుటలు చదవకుండా ఎత్తుకుపోతే రంగులు తప్ప మరేమీ చేతికి రావనీ చెబుతాను. యూరప్ రైల్వే ప్రమాణం ఈఎన్ 50126 సైతం ఆ పట్టికను ఉదాహరణగా మాత్రమే చూపి, కొలతలు ఎవరి వ్యవస్థకు వారే నిర్ణయించుకోవాలని వదిలేసింది.

ముందుగా మాటల సంగతి తేల్చుకోవాలి. తెలుగులో "ప్రమాదం" అనే ఒక్క మాట చేత మనం మూడు పనులు చేయించుకుంటాం. "ప్రమాదం జరిగింది" అన్నప్పుడు అది జరిగిపోయిన సంఘటన. "ప్రమాదం పొంచి ఉంది" అన్నప్పుడు ఇంకా జరగని, జరగడానికి సిద్ధంగా ఉన్న పరిస్థితి. "అందులో ప్రమాదం ఎక్కువ" అన్నప్పుడు జరిగే అవకాశాన్నీ, జరిగితే కలిగే నష్టాన్నీ కలిపి చూసిన లెక్క. మాటల్లో దీనివల్ల ఇబ్బంది లేదు గానీ, రిస్క్ అంచనా కాగితం మీద ఇవి మూడు వేర్వేరు నిలువు వరుసలు. అందుచేత ఇక్కడ జరిగిన దానిని ప్రమాదమనీ, దానికి దారి తెరిచే పరిస్థితిని ముప్పు అనీ, అవకాశమూ నష్టమూ కలిసిన లెక్కను రిస్క్ అనీ అంటాను. ఒకచోట ముప్పుల జాబితా రాసుకు రమ్మంటే "అగ్నిప్రమాదం, రోగి మరణం, ఉద్యోగికి గాయం" అని రాసుకొచ్చారు. అవి ఫలితాలు. ఒక బండి నిలిచి ఉన్న సెక్షన్‌లోకి, అంటే రెండు సిగ్నళ్ల మధ్య ఉన్న పట్టాల భాగంలోకి, మరొక బండికి ఆకుపచ్చ సిగ్నల్ రావడం ముప్పు. ఆ రెండూ ఢీకొనడం ప్రమాదం. మనం చేయగలిగినదంతా ఆ రెండింటి మధ్య ఉన్న కాస్త వ్యవధిలోనే ఉంటుంది కాబట్టి, జాబితాను ఫలితాలతో నింపుకున్న వారికి చేయడానికి పని మిగలదు.

ఈ విద్యను రైల్వేలు సొంతంగా కనిపెట్టాయని అనుకోవడం కూడా సరికాదు. వైఫల్య కారణాలను చెట్టు కొమ్మల్లా విడదీసి చూపే ఫాల్ట్ ట్రీ పద్ధతి 1962 ప్రాంతంలో మినిట్‌మ్యాన్ క్షిపణి కోసం బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. ప్రతి గొట్టం దగ్గరా ఆగి "ఎక్కువైతే? తక్కువైతే? వెనక్కి ప్రవహిస్తే?" అని అడిగే హాజోప్ పద్ధతి బ్రిటన్ రసాయన సంస్థ ఐసీఐలో రూపుదిద్దుకుంది. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక తగలబడి 167 మంది చనిపోయాక, లార్డ్ కల్లెన్ విచారణ, వ్యవస్థ సురక్షితమని ఆధారాలతో చూపే "సేఫ్టీ కేస్" పత్రాన్ని ఆ పరిశ్రమకు తప్పనిసరి చేయమంది. బ్రిటన్ రైల్వేలు 1994లో అదే ఆలోచనను తమ నిబంధనల్లోకి తెచ్చుకున్నాయి. 1999 అక్టోబరు 5న లండన్ లాడ్‌బ్రోక్ గ్రోవ్ వద్ద రెండు రైళ్లు ఢీకొని 31 మంది మరణించినప్పుడు విచారణకు కూర్చున్నది కూడా ఆ కల్లెనే. కాబట్టి ఇప్పుడు రైల్వేల నుంచి ఇతరులు అప్పు తీసుకోవడం పాత బాకీ తీరడం వంటిదే.

అయితే రైల్వేలకు సొంతమైనది ఒకటి ఉంది, అది ఈ పద్ధతులన్నిటికన్నా పాతది. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర ఒక విహారయాత్ర రైలు ఎగువ ఎక్కలేక ఆగిపోయింది. సిబ్బంది దానిని రెండుగా విడదీసి, ముందు భాగాన్ని పైకి తీసుకువెళ్లి, తరువాత వచ్చి వెనుక భాగాన్ని తీసుకుపోదామనుకున్నారు. ఆ రైలు వ్యాక్యూమ్ బ్రేకు ఇంజనుతో గొట్టం కలిసి ఉన్నంతసేపే పనిచేసే రకం. గొట్టం విడదీయగానే వెనుక పెట్టెలకు ఆ బ్రేకు లేకుండా పోయి, చక్రాల కింద పెట్టిన రాళ్లు ఆపలేక, అవి వెనక్కి దొర్లి, వెనుక వస్తున్న రైలును ఢీకొన్నాయి. 80 మంది చనిపోయారు. ఆ ఏడాదిలోనే బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టం మూడింటిని తప్పనిసరి చేసింది: ఒక సెక్షన్‌లో ఒకే బండి, బండిని ఒక పట్టా నుంచి మరొక పట్టాకు మళ్లించే పాయింట్లూ సిగ్నళ్లూ ఒకదానికొకటి విరుద్ధంగా కదలకుండా కట్టే ఇంటర్‌లాకింగ్, గొట్టం తెగితే దానంతట అదే పడే బ్రేకు. మూడవదానిలోని ఆలోచనే రైల్వే భద్రతకు పునాది. గొట్టం తెగితే బ్రేకు వదలకూడదు, పడాలి. విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్ కూడా అటువంటిదే: పట్టాల గుండా కరెంటు వస్తున్నంతసేపే రిలే అనే విద్యుత్ స్విచ్చు పైకి లేచి ఉంటుంది, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా, బండి వచ్చి నిలిచినా రిలే తన బరువుకు తానే కింద పడుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. ఏ తప్పు ఎటు నుంచి వచ్చినా వ్యవస్థ ఎరుపు వైపే ఒరుగుతుంది, ఎరుపు అంటే ఆగడం, ఆగి ఉన్న బండి ఎవరినీ ఢీకొనదు.

రైల్వే రిస్క్ అంచనా కాగితాల్లో ఈ మాట ఎక్కడా విడిగా రాసి ఉండదు. రాయవలసిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు. ఆగడం క్షేమమన్నది మేము పీల్చే గాలి. "సురక్షిత స్థితికి చేరుతుంది" అని ఒక వాక్యం రాసి, దాని అర్థం అందరికీ తెలుసు కదా అని ముందుకు పోతాం. ఆ కాగితాన్ని వేరే పరిశ్రమకు తీసుకువెళ్లినప్పుడు మొదట బోల్తా పడేది సరిగ్గా ఆ వాక్యమే.

నాకు ఈ సంగతి ఒక ఆసుపత్రిలో తెలిసివచ్చింది. రోగి నరంలోకి మందును కొలత ప్రకారం ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపులకు కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తున్నారు, ఆ మార్పుకు రిస్క్ అంచనా చేయాలి. నేను అలవాటు ప్రకారం "లోపం కనిపెట్టగానే పంపు ఆగిపోతుంది" అన్న దానిని రక్షణ చర్యగా రాశాను. బల్లకు అవతల కూర్చున్న ఇంటెన్సివ్ కేర్ నర్సు ఆ వరుస మీద వేలు పెట్టి, "అందులో ఏ మందు ఉంది?" అని అడిగింది. మార్ఫిన్ వంటి మందు ఉంటే పంపు ఆగడం మంచిదే, రోగికి నొప్పి తెలుస్తుంది గానీ ఊపిరి ఆగదు. రక్తపోటును నిలబెట్టే నోర్‌అడ్రినలిన్ ఉంటే, దాని ప్రభావం నిమిషాల్లోనే దిగిపోతుంది కాబట్టి, పంపు ఆగడమే ప్రాణాంతకం. యంత్రం అదే, లోపం అదే, కానీ లోపల ఉన్న మందును బట్టి ఎరుపూ ఆకుపచ్చా తారుమారు అవుతున్నాయి. నేను రాసిన వరుస తప్పు అనడం కూడా చాలదు, అసలు ఆ వరుసకు అర్థమే లేదు. ఆ రోజు ఇంకేమీ ముందుకు సాగలేదు, ఆగడం అనే మాట ఉన్న వరుసలన్నీ వెనక్కి వెళ్లి చూసుకోవలసి వచ్చింది.

తరువాత ఆలోచిస్తే రైల్వేలే ఈ పాఠాన్ని ఒకసారి చాలా ఖరీదుకు నేర్చుకున్నాయని గుర్తుకు వచ్చింది. జపాన్‌లోని హొకురికు సొరంగం దాదాపు 14 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. 1969లో ఒక రాత్రి రైలుకు ఆ సొరంగంలో మంటలు అంటుకుంటే, సిబ్బంది బండిని ఆపకుండా బయటికి తెచ్చి మంటలు ఆర్పారు, ఎవరూ చనిపోలేదు. కానీ మంటలు కనబడితే వెంటనే ఆపాలని నిబంధన ఉంది కాబట్టి, దానిని ఉల్లంఘించారని జాతీయ రైల్వే వారిని శిక్షించింది. 1972 నవంబరు 6న అదే సొరంగంలో మరొక రైలు భోజన పెట్టెలో మంటలు లేచాయి. ఈసారి సిబ్బంది నిబంధన పాటించి బండిని సొరంగం మధ్యలో ఆపారు. పొగలో 30 మంది చనిపోయారు. ఆ తరువాతే ప్రయోగాలు చేసి, సొరంగంలో మంటలు వస్తే ఆగకుండా బయటికి రావాలని నిబంధన మార్చారు, ముందు పడిన శిక్షనూ ఉపసంహరించారు. ప్రమాదం తప్పిన సంఘటనలను సేకరించాలని ఇప్పుడు ప్రతి పరిశ్రమా చెబుతుంది. 1969 నాటి సంఘటన సేకరణకు అందకుండా పోలేదు, ఫైలు కూడా తయారైంది, కాకపోతే అది క్రమశిక్షణ ఫైలు.

అందుచేత రైల్వే పద్ధతిని మార్చుకునే పనిలో నేను ఇప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న శీర్షికలో ఉన్నదే. వెంటిలేటర్‌కు ఆగడం క్షేమం కాదు. గాలిలో ఉన్న విమానానికి కాదు. వేడి పుట్టించే రసాయన చర్య జరుగుతున్న పాత్రలో కలియబెట్టే యంత్రం ఆగితే, కలవని పదార్థం పేరుకుని తరువాత ఒక్కసారిగా చర్య జరపవచ్చు కాబట్టి అక్కడా కాదు. నీటి శుద్ధి కేంద్రంలో క్లోరిన్ ఎక్కువైనా చేటే, ఆగిపోయినా చేటే, రెండింటికీ కాలవ్యవధి మాత్రం వేరు. ఇటువంటి చోట్ల "సురక్షిత స్థితి" అని ఒక గడి పెట్టడానికి బదులు, ప్రతి ముప్పుకూ ఎటు ఒరిగితే క్షేమం, అలా ఒరిగాక ఎంతసేపు క్షేమం, ఆ వ్యవధిలో ఎవరు వచ్చి ఏమి చేయాలి అని మూడు గడులు పెట్టాలి. రైల్వేలో ఒక పదంతో సరిపోయే చోట వేరే పరిశ్రమకు ఒక పేరా కావాలి. దీనిని తప్పించుకునే దారి నాకు కనబడలేదు.

మరి నేరుగా తీసుకోదగినవి ఏవీ లేవా అంటే ఉన్నాయి. ఇంటర్‌లాకింగ్ వాటిలో మొదటిది. 1856లో జాన్ శాక్స్‌బీ పేటెంటు పొందిన నాటి నుంచి దాని సారం ఒకటే: పాయింట్లు ఒక వైపు ఉండగా దానికి విరుద్ధమైన సిగ్నల్ లీవరు అసలు కదలకూడదు. లీవరు లాగే మనిషికి హెచ్చరిక బోర్డు పెట్టడం వేరు, లీవరు కదలకుండా చేయడం వేరు. వైద్య వాయువుల సిలిండర్లలో ఇదే ఆలోచన ఉంది. ఆక్సిజన్ సిలిండర్ మీది రంధ్రాలకూ నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్ మీది రంధ్రాలకూ స్థానాలు వేరు కాబట్టి ఒకదాని చోట మరొకటి కూర్చోదు. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు నరంలోకి మాత్రమే ఇవ్వవలసినది, పొరపాటున వెన్నులోకి ఇస్తే దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. ఎన్నో ఏళ్లు దాని మీద పెద్ద అక్షరాల లేబుళ్లే రక్షణ. వెన్నుకు వాడే సూదులకూ గొట్టాలకూ మామూలు సిరంజి పట్టని ప్రత్యేక కనెక్టర్లు ప్రమాణంగా వచ్చాక గానీ, శాక్స్‌బీ లీవరు అక్కడికి చేరలేదు.

రెండవది లెవెల్ క్రాసింగ్ లెక్క. ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్టుల దారికీ మనుషులు నడిచే దారికీ అడ్డంగా పడే కూడళ్లు పదకొండు ఉన్నాయి. యాజమాన్యం అన్నిటికీ ఒకే రకం పసుపు గీతలు, ఒకే రకం బోర్డులు పెట్టింది. లెవెల్ క్రాసింగ్ దగ్గర రైల్వేలు ముందుగా చూసేది ఒక గుణకారం: రోజుకు ఎన్ని రైళ్లు, ఎన్ని రోడ్డు వాహనాలు, వాటి లబ్ధం ఎంత. భారతీయ రైల్వేలో దీనిని టీవీయూ (ట్రెయిన్ వెహికల్ యూనిట్) అంటారు, గేటు పెట్టాలా, కాపలా ఉంచాలా, వంతెన కట్టాలా అన్న నిర్ణయాలకు అది ఒక ఆధారం. అదే లెక్క గోదాములో వేశాం. ఒక కూడలిలో షిఫ్టుకు 140 ఫోర్క్‌లిఫ్టు రాకపోకలు, 60 మంది నడక, లబ్ధం 8,400. ఇంకొక చోట 20, 15, లబ్ధం 300. పదకొండు కూడళ్ల మొత్తంలో సగానికి పైగా రెండే కూడళ్ల దగ్గర పోగుపడింది. తొమ్మిదింటికి గీతలు చాలు, ఆ రెండింటికి మాత్రం గీతలు కాదు, దారి మార్పు కావాలి అన్న మాట ఒక్క మధ్యాహ్నంలో తేలింది.

కానీ గుణకారంతో ఆగిపోతే అది కూడా మ్యాట్రిక్స్ లాగే మోసం చేస్తుంది. ఆ రెండింటిలో పెద్ద కూడలి దగ్గర నేను అరగంట నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాను. లెవెల్ క్రాసింగ్ పని చేసిన వారికి "రెండో రైలు" అనే మాట బాగా తెలుసు: ఒక రైలు వెళ్లిపోగానే దారి ఖాళీ అయిందనుకుని జనం పట్టాల మీదికి వస్తారు, మొదటి రైలు చాటున ఎదురుగా వస్తున్న రెండోది వారికి కనబడదు. అరగంటలో నాలుగుసార్లు అదే చూశాను. ఎత్తైన పెట్టెల బరువుతో ఒక ఫోర్క్‌లిఫ్టు దాటుతుంది, ఆగి ఉన్న మనిషి దాని వెనుక చక్రం తన ముందు నుంచి జరిగీ జరగకముందే అడుగు వేస్తాడు, ఆ పెట్టెల చాటు నుంచి ఎదురు దారిలో ఖాళీ ఫోర్క్‌లిఫ్టు వస్తుంది. ఎవరికీ దెబ్బ తగలలేదు, ఎవరూ రిపోర్టు రాయలేదు, అక్కడి ముప్పుల జాబితాలో ఆ వరుసే లేదు. "నడిచేవారి అజాగ్రత్త" అని ఒక వరుస మాత్రం ఉంది. నా దృష్టిలో అటువంటి వరుసను కొట్టివేయడం రైల్వే పద్ధతి నేర్పే మంచి అలవాట్లలో ఒకటి. గేటు కింద నుంచి దూరే మనిషిని రైల్వేలు తిట్టుకుంటాయి, కానీ లెక్కలో అతడిని ఉన్నవాడిగానే వేసుకుంటాయి.

ఇక యూరప్ నిబంధనల సంగతి. 2009లో మొదలై తరువాత 402/2013 సంఖ్య గల నిబంధనగా తిరగరాసిన ఉమ్మడి భద్రతా పద్ధతి, ఒక ముప్పు ఒప్పుకోదగిన స్థాయికి వచ్చిందని చూపడానికి మూడు దారులు ఇస్తుంది: అందరూ అంగీకరించిన ఆచరణ నియమాలను పాటించామని చూపడం, ఇప్పటికే సురక్షితంగా నడుస్తున్న పోలిక వ్యవస్థతో పోల్చడం, లేదా రిస్క్‌ను నేరుగా లెక్కకట్టడం. మూడింటిలో ఏది ఏ ముప్పుకు వాడామో రాసిపెట్టాలి. ఇతర పరిశ్రమల వారికి నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది ఈ విభజననే, ఎందుకంటే ప్రతి వరుసకూ అంకెలు వేయాలన్న భయం దీనితో పోతుంది. అయితే రెండో దారిలోని షరతులను అందరూ దాటేస్తారు. "పక్క ప్లాంటులో పదేళ్లుగా నడుస్తోంది" అనడం పోలిక కాదు. పనులు, ఇతర వ్యవస్థలతో కలిసే ఇంటర్‌ఫేసులు, నడిపే పరిస్థితులు, పరిసరాలు సరిపోలాలి, సరిపోలనిచోట తేడాను విడిగా అంచనా వేయాలి.

ఈ షరతులు చాదస్తంగా అనిపించేవారికి థెరాక్-25 కథ చెబుతాను. అది క్యాన్సర్ రోగులకు కిరణాల చికిత్స చేసే యంత్రం. దానికి ముందు వచ్చిన థెరాక్-20 లో ప్రమాదకరమైన కిరణాన్ని అడ్డుకునే విడి హార్డ్‌వేర్ ఇంటర్‌లాకులు ఉండేవి. కొత్త యంత్రంలో వాటిని తీసివేసి ఆ బాధ్యతను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు; పాత సాఫ్ట్‌వేర్ భాగాలనే తిరిగి వాడారు, అవి ఏళ్ల తరబడి సురక్షితంగా నడిచాయన్న ధైర్యంతో. 1985 నుంచి 1987 వరకు ఆరుగురు రోగులకు అనేక రెట్లు మోతాదు తగిలింది, వారిలో కనీసం ముగ్గురు మరణించారు. తరువాత వెతికితే అటువంటి సాఫ్ట్‌వేర్ లోపమే థెరాక్-20 లోనూ బయటపడింది. అక్కడ అది తలెత్తినప్పుడల్లా హార్డ్‌వేర్ అడ్డుపడి ఫ్యూజు పోయేది, అంతే. పాత యంత్రం చరిత్ర సాఫ్ట్‌వేర్ మంచితనానికి సాక్ష్యం కాదు, ఇంటర్‌లాకు మంచితనానికి సాక్ష్యం. ఆ సాక్షిని పీకేసి, సాక్ష్యాన్ని మాత్రం ఉంచుకున్నారు. కొత్త యంత్రానికి ఫాల్ట్ ట్రీ వేయలేదని కూడా అనలేం. వేశారు, అందులో సాఫ్ట్‌వేర్‌ను కలపలేదు.

మూడో దారిలోని అంకెల విషయంలో నాకు సంకోచం ఎక్కువ. సాంకేతిక వ్యవస్థ వైఫల్యం నేరుగా ఎక్కువ మంది మరణానికి దారితీసే సందర్భంలో, యూరప్ నిబంధన గంటకు నూరు కోట్లలో ఒక వంతు కన్నా ఎక్కువ అవకాశం ఉండకూడదంటుంది. నూరు కోట్ల గంటలంటే సుమారు 1,14,000 సంవత్సరాలు. వినడానికి అసాధ్యంలా ఉంటుంది గానీ, అటువంటి పరికరాలు వెయ్యి నడుస్తుంటే 114 ఏళ్లకు ఒకసారి. ఈ అంకె నడుస్తున్న గంటలను బట్టి కట్టినది. ఏడాదికి ఒకసారి మాత్రమే అవసరపడే అగ్నిమాపక పంపుకు గంటల లెక్క పనికిరాదు, పిలిచినప్పుడు పలికే అవకాశం ఎంత అన్నదే అక్కడ లెక్క. పైగా ఆ అంకె యంత్రానికి చెందినది, మనిషికి కాదు. అణు విద్యుత్ రంగంలో పుట్టిన హార్ట్ (HEART) అనే మానవ పొరపాట్ల లెక్కలో, బాగా అలవాటైన, అన్ని అనుకూలతలూ ఉన్న పనికి కూడా పదివేలసార్లకు నాలుగు పొరపాట్లు వేస్తారు. బ్రిటన్ రైల్వేలు దానిని తమకు తగ్గట్టు మార్చుకుని వాడుతున్నాయి. ఒక మనిషి చూపు మీద ఆధారపడిన ఏర్పాటుకు నూరు కోట్లలో ఒకటి అని రాసిన కాగితం కనబడితే, మిగతా పుటలను కూడా అనుమానంగా చదువుతాను.

మనిషి మీదికి నెట్టే ఈ అలవాటే ముప్పుల రిజిస్టరు గురించి మాట్లాడవలసిన కారణం. రైల్వే రిజిస్టరులో ప్రతి ముప్పుకూ ఒక యజమాని ఉంటాడు, ముప్పు మూసే వరకు ఆ పేరు తొలగదు, ఒక సంస్థ తన చేతిలో లేని జాగ్రత్తను ఇంకొక సంస్థకు బదిలీ చేస్తే తీసుకున్నవారు తీసుకున్నామని రాయాలి. రాతలో ఇది చక్కగా ఉంటుంది. 2013 జూలై 24న స్పెయిన్‌లో సాంటియాగో డి కాంపోస్తెలా సమీపాన గంటకు 80 కిలోమీటర్లకు మించి వెళ్లకూడని మలుపులోకి ఒక రైలు దాదాపు 180 వేగంతో దూసుకుపోయి 80 మంది చనిపోయారు. డ్రైవర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, ఎక్కడ వేగం తగ్గించాలో ఆ క్షణంలో మరిచాడు. నిజమే. కానీ వేగాన్ని నిరంతరం పర్యవేక్షించే ఆధునిక వ్యవస్థ ఆ బండిలో ఆ సమయానికి పనిచేయడం లేదు, ఉన్న పాత వ్యవస్థ ఆ మలుపు దగ్గర వేగాన్ని తగ్గించేలా అమర్చి లేదు. అంటే ఆ మలుపు ముప్పుకు రిజిస్టరులో ఉన్న యజమాని చివరికి ఒక మనిషి జ్ఞాపకశక్తి. ఇతర పరిశ్రమల రిజిస్టర్లు చూసేటప్పుడు నేను యజమాని వరుసలో "ఆపరేటర్", "డ్యూటీ నర్సు", "షిఫ్టు సిబ్బంది" అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడతాను. ఆపరేటరుకు ఆ విషయం తెలుసా అని అడిగితే, సాధారణంగా గదిలో కాసేపు నిశ్శబ్దం.

మార్పు పనుల దగ్గర ఇది మరీ బయటపడుతుంది. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాఫమ్ జంక్షన్ దగ్గర 35 మంది మరణానికి కారణం ఒక పాత తీగ. కొత్త వైరింగ్ వేసిన టెక్నీషియన్ దానిని పూర్తిగా తీసేయకుండా పక్కకు వంచి వదిలాడు; అది తిరిగి టెర్మినల్‌కు తగిలి, ఎరుపు చూపించవలసిన సిగ్నల్‌కు తప్పుడు కరెంటు ఇచ్చింది. అంతకు ముందు పదమూడు వారాల్లో అతడికి దొరికిన సెలవు ఒక్క రోజు. తీగలు లెక్కపెట్టి సరిచూడవలసిన రెండో మనిషి ఆ పని చేయలేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ దగ్గర 290 మందికి పైగా చనిపోయిన ప్రమాదంలోనూ విచారణ వేలు పెట్టి చూపింది సిగ్నలింగ్ సర్క్యూట్ మార్పు పనుల్లోని లోపాలనే. గొప్పగా రూపొందించిన వ్యవస్థ కూడా మార్చే రోజున మామూలు తీగల కట్ట. రైల్వే పద్ధతిలో మార్పు ముఖ్యమైనదా కాదా అని తేల్చడానికి ఆరు ప్రమాణాలున్నాయి, వాటిలో నాకు నచ్చేది "వెనక్కి తీసుకోగలమా" అన్నది. ఆసుపత్రి పంపుల సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ ఒక్క ప్రశ్న వల్లే, ఒకేసారి అన్ని వార్డులకూ వేయాలన్న పథకం ఒక్క వార్డుకు కుదించుకుపోయింది.

స్వతంత్ర పరిశీలన గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే దీనిని ఒప్పుకోనివారు లేరు, అమలు చేసేవారు తక్కువ. భారతదేశంలో రైల్వే భద్రతా కమిషన్ రైల్వే మంత్రిత్వ శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద ఉండటం చాలామందికి వింతగా తోస్తుంది. ఆ వింతే దాని ప్రయోజనం. సాంటియాగో విచారణ బృందంలో సంబంధిత సంస్థల వారే ఉన్నారని యూరప్ రైల్వే ఏజెన్సీ 2016లో తప్పుపట్టింది. చిన్న సంస్థలకు బయటి పరిశీలకుడిని పెట్టుకునే స్తోమత ఉండకపోవచ్చు. అటువంటి చోట వేరే విభాగం మనిషి ఒకరు చదివినా చాలావరకు పని జరుగుతుంది. నా పంపుల కాగితంలో తప్పు పట్టింది నర్సే కదా.

ఆ కాగితం ఇప్పుడు మొదటి రూపంలో లేదు. "సురక్షిత స్థితి" వరుసను తీసివేసి, "ఆగితే ఏమవుతుంది", "ఎంతసేపటిలో", "ఎవరు వస్తారు" అని మూడు వరుసలు పెట్టాం, యంత్రాన్ని బట్టి కాక మందుల వర్గాన్ని బట్టి పుటలు విడదీశాం. మార్ఫిన్ పుట పది నిమిషాల్లో నిండింది. నోర్‌అడ్రినలిన్ పుటలో రెండో గడిలో "నిమిషాలు" అని రాసి, మూడో గడి దగ్గర ఆగాం, ఎందుకంటే రాత్రి షిఫ్టులో ఆ గది నుంచి పిలుపు వినబడే దూరంలో ఎవరుంటారో బల్ల చుట్టూ ఉన్న ఎవరమూ కచ్చితంగా చెప్పలేకపోయాం. ఆ గడిలో ప్రస్తుతం పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్నార్థకం ఉంది, తరువాతి సమావేశం రాత్రి షిఫ్టు వారు రాగలిగే వేళకు మార్చాం.